గడ్డి కోత యంత్రపు ఇంజను సరిగా నడవనప్పుడు రైతు చేయదగిన పరీక్షలు

నెల్లూరు జిల్లా పడమటి కొసన, వెలికొండల పాదమున ఉన్న సీతారామపురం, ఉదయగిరి ప్రాంతము మెట్ట ప్రాంతము. ఇచ్చట అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు ఈశాన్య ఋతుపవన వర్షములే రైతునకు ముఖ్యాధారము. ఈ వర్షములకు నిమ్మ, బత్తాయి తోటలు చిగిరించును. వానితో పాటు గరిక, తుంగ మొదలగు కలుపు కూడ ఏపుగా పెరిగి, చెట్లకు దక్కవలసిన తేమను, ఎరువును తినివేయును. నిమ్మజాతి చెట్ల పీచువేళ్ళు నేల పైపొరలలోనే వ్యాపించి ఉండుటచే లోతుగా దున్నినచో వేళ్ళు తెగును. కావున కలుపును నేలబారుగ కోసి, ఆ గడ్డిని చెట్ల పాదులలోనే పరచుట మేలైన పద్ధతి. అట్లు చేసిన తేమయు నిలుచును, గడ్డి కుళ్ళి ఎరువుగను మారును.

ఈ పనికి పూర్వము కొడవలి, పార, గుంటక ఉండెడివి. నేడు ఎద్దుల జతలు తగ్గినవి, పని వేళకు కూలీలు దొరకుట కష్టమైనది. అందుచే పెట్రోలు ఇంజనుతో నడచు గడ్డి కోత యంత్రములు, కలుపు తీయు పవర్ వీడర్లు పల్లెలలోనికి వచ్చినవి. అయితే చాలమంది రైతులు యంత్రమును ఒక కాలమున వాడి, మిగిలిన నెలలు కొట్టములో మూలన ఉంచెదరు. తిరిగి వానలు పడి పని తరుముచున్నప్పుడు తాడు లాగినచో ఇంజను దగ్గుచు, మిస్ కొట్టుచు, ఎక్కుచు దిగుచు నడచును, లేక పది నిమిషములకు ఆగిపోవును. దానిని మెకానిక్కు వద్దకు మోసికొనిపోవుట, అచ్చట వంతు కొరకు వేచియుండుట, క్రొత్త కార్బరేటరు కొనుట — ఈ లోపల కలుపు పూతకు వచ్చి గింజ రాల్చును. ఆ గింజ రాబోవు సంవత్సరముల కలుపునకు విత్తనము.

ఇట్టి లోపములలో అధిక భాగము రైతు తన పొలములోనే ఒక పానా, ఒక గాజుసీసా, ఒక మెత్తని గుడ్డతో కనిపెట్టి సరిచేసికొనగలవి. దీనికి కావలసినది మెకానిక్కు విద్య కాదు, వరుస తప్పని పరీక్ష. ఖర్చు లేనివి ముందు, ఖర్చుతో కూడినవి తరువాత. బయటివి ముందు, లోపలివి తరువాత చూడవలెను. ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేసి, ఇంజనును నడిపి ఫలితము చూచిన పిమ్మటనే రెండవ దానికి పోవలెను. ఒకేసారి ప్లగ్గు మార్చి, కార్బరేటరు విప్పి, స్క్రూలు త్రిప్పినచో ఇంజను బాగుపడినను ఏది కారణమో తెలియదు. చెడినచో ఏది చెరిచితిమో అంతకంటె తెలియదు.

డీజిలు ఇంజనుకు, దీనికి భేదము

ఇంజను మన రైతులకు క్రొత్త కాదు. నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలోనే, 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో, ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను అధికారి బావుల నుండి ఆయిలు ఇంజనులతో నీరు తోడు పద్ధతిని ఆ రాజధానిలో ప్రచారము చేసెను. తరువాత డీజిలు ఇంజను ఊరూర వెలసినది. అందుచే పెద్దవారిలో చాలమందికి డీజిలు ఇంజను మర్మము తెలియును. కాని ఆ అనుభవమును పెట్రోలు ఇంజనుపై అట్లే ప్రయోగించరాదు. డీజిలు ఇంజనులో ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టు వేడికే డీజిలు మండును. పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు ముందుగా కార్బరేటరులో కలిసి లోనికి పోవును. ప్లగ్గు ఇచ్చు నిప్పురవ్వతో అంటుకొనును. డీజిలు ఇంజనుకు గాలి పట్టినప్పుడు నట్టు వదలి గాలి తీయుదుము. పెట్రోలు ఇంజనుకు ఆ చికిత్స లేదు.

గడ్డి కోయు యంత్రము 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతమున ఎడ్విన్ బడ్డింగ్ అను ఆయన కనిపెట్టినది. అది మనిషి తోయు యంత్రము. 1876లో జర్మనీ దేశస్థుడు నికొలాస్ ఒట్టో నాలుగు స్ట్రోకుల ఇంజనును నడిపి చూపెను. నేటి మన చిన్న ఇంజనులు అనేకము ఆ సూత్రము మీదనే పనిచేయుచున్నవి: గాలి, పెట్రోలు పీల్చుట, నొక్కుట, మండించుట, పొగ వదలుట. నిమిషమునకు 3600 చుట్లు తిరుగు ఇంజనులో ఈ నాలుగు పనులు నిమిషమునకు 1800 సార్లు, అనగా క్షణమునకు 30 సార్లు జరుగవలెను. ఇందులో కొన్ని తప్పినను మన చెవికి "మిస్ కొట్టుచున్నది" అని తెలియును.

ఈ పని సాగుటకు నాలుగు కావలెను: పరిశుభ్రమైన పెట్రోలు, చాలినంత గాలి, సకాలములో నిప్పురవ్వ, సిలిండరులో బిగువు. ఇంజను సరిగా నడవనప్పుడు ఈ నాలుగింటిలో ఏది తక్కువైనదో తెలిసికొనుటయే పరీక్ష ఉద్దేశ్యము.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

ఇంజనును ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్గు టోపీని ఊడదీసి ప్రక్కన పెట్టనిదే కత్తివద్ద చేయి పెట్టరాదు. కత్తిని చేతితో త్రిప్పినను ఇంజను ఒక్కసారి రాజుకొని వ్రేళ్ళు తెగగలవు. వేడి ఇంజనులో పెట్రోలు పోయరాదు. బీడీ, చుట్ట కాల్చువారు దరిదాపులకు రాకూడదు. తలుపులు మూసిన కొట్టములో ఇంజనును నడుపరాదు. దాని పొగలో ప్రాణము తీయు విషవాయువు ఉన్నది, దానికి వాసన ఉండదు.

యంత్రమును ప్రక్కకు వంచవలసివచ్చినచో ఏర్ ఫిల్టరు, కార్బరేటరు ఉన్న ప్రక్క పైకి వచ్చునట్లు వంచవలెను. తప్పు ప్రక్కకు వంచినచో ఇంజను ఆయిలు ఫిల్టరులోనికి, సిలిండరులోనికి దిగి, తరువాత తెల్లని, నీలిరంగు పొగ వచ్చును. ఇది చూచి రింగులు పోయినవని భయపడువారు కలరు. ఆయిలుతో తడిసిన ఫిల్టరును, ప్లగ్గును శుభ్రము చేసి, కొంతసేపు నడిపిన ఆ పొగ తగ్గిపోవును.

మొదటి పరీక్ష: వినుట, చూచుట, చోకు సగము మూయుట

ఇంజను ఎట్లో ఒకట్లు నడచుచున్నచో విప్పుటకు ముందు దానిని శ్రద్ధగా గమనించవలెను. సైలెన్సరు నుండి నల్లని పొగ వచ్చినచో పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అని అర్థము. నీలిరంగు పొగ వచ్చినచో ఆయిలు మండుచున్నది. పొగ లేకుండ రేసు తనంతట ఎక్కుచు, దిగుచు ఊగిసలాడినచో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని సాధారణముగా చెప్పవచ్చును.

ఈ ఊగిసలాట చూచి పలువురు గవర్నరు చెడినదనుకొని దాని స్ప్రింగును సాగదీయుదురు. నిజమునకు గవర్నరు తన పని తాను చేయుచున్నది. పెట్రోలు చాలక వేగము తగ్గగానే గవర్నరు ద్వారమును తెరచును, వేగము పెరుగగానే మూయును, తిరిగి తగ్గును. లోపము పెట్రోలు అందకపోవుటలో ఉన్నది, గవర్నరులో కాదు. స్ప్రింగును మార్చినచో ఇంజను మితిమీరిన వేగముతో తిరిగి, కత్తి విరిగి ఎగురు ప్రమాదమున్నది.

ఇంజను పనివేగములో ఉండగా చోకును మెల్లగా సగము వరకు మూయుడు. చోకు మూసినప్పుడు గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగును. అప్పుడు ఇంజను సర్దుకొని నడచినచో పెట్రోలు చాలుట లేదని రూఢియగును. పెట్రోలు దారిని, కార్బరేటరు జెట్టును, ప్యాకింగులను చూడవలెను. ఇంజను మరింత ముక్కుచు నల్లని పొగ విడిచినచో ఏర్ ఫిల్టరు మూసికొనియుండవచ్చును, లేక చోకు పూర్తిగా తెరచుకొనక పోవచ్చును. ఏ మార్పును లేనిచో ప్లగ్గు వైపు చూడవలెను. ఖర్చు లేని ఈ ఒక్క పరీక్ష సగము దారి చూపును.

రెండవ పరీక్ష: పెట్రోలు

ట్యాంకులో పెట్రోలు ఎన్నాళ్ళది? నెల దాటిన పెట్రోలును అనుమానించవలెను. తేలికగా మండు భాగము ఎగిరిపోయి, మిగిలినది జిగురుగా మారి సన్నని రంధ్రములను మూయును. ఇప్పటి పెట్రోలుతో మరియొక చిక్కు ఉన్నది. మన దేశములో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిసిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకులలో మొదలై, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. ఒక మేరకు అది నీటిని తనలో కలుపుకొని ఉండును. నీరు ఆ మేర దాటినచో ఇథనాలు, నీరు కలిసి పెట్రోలు నుండి విడిపోయి ట్యాంకు అడుగునకు చేరును. కార్బరేటరునకు ముందుగా పోవునది ఆ అడుగు ద్రవమే. పాత యంత్రములలోని కొన్ని రకముల రబ్బరు గొట్టములు, ప్యాకింగులు కూడ ఈ ఇథనాలు వలన ఉబ్బి, బీటలు వారగలవు.

పరీక్ష సులభము. పెట్రోలు ట్యాపు మూసి, గొట్టము ఊడదీసి, క్రింద శుభ్రమైన గాజుసీసా పెట్టి ట్యాపు తెరువుడు. ధార ఆగక పడవలెను. చుక్కలుగా పడినచో ట్యాపులోని జల్లెడ మూసికొనినది. సీసాను నీడలో కొంతసేపు కదల్పక ఉంచి చూడుడు. అడుగున వేరొక పొర గాని, తుప్పు గాని, మడ్డి గాని కనిపించినచో, లేక పెట్రోలు రంగు మారి వార్నీషు వాసన కొట్టినచో ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, క్రొత్త పెట్రోలుతో కడిగి నింపవలెను. ఆ పాత పెట్రోలును పొలములో గాని, కాలువలో గాని, బావి దగ్గర గాని పారబోయరాదు.

ఇంజను పది పదిహేను నిమిషములు చక్కగా నడచి, ఆకలిగొన్నట్లు ఆగిపోవుచున్నచో ట్యాంకు మూత చూడుడు. మూతలో గాలి పోవుటకు సన్నని రంధ్రముండును. అది దుమ్ముతో మూసికొనినచో పెట్రోలు క్రిందికి దిగదు. ఇంజను ఆగిన వెంటనే మూత వదులు చేసిన గాలి లోనికి పీల్చిన శబ్దమై, ఇంజను మరల నడచినచో దోషము ఆ మూతదే. మూతను కడిగి రంధ్రము తెరచిన చాలును.

మూడవ పరీక్ష: గాలి

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 9000 లీటర్ల గాలి కావలెను. ఎండిన ఎర్రనేలలో గడ్డి కోయునప్పుడు లేచు దుమ్మంతయు ఆ గాలితో ఇంజను ముక్కునకు చేరును. ఏర్ ఫిల్టరు దానిని ఆపును. దుమ్ము నిండిన ఫిల్టరుతో నడపిన ఇంజను ఉక్కిరిబిక్కిరియై నల్లని పొగ విడుచును. అసలు ఫిల్టరే లేకుండ నడపినచో ఇంజను హుషారుగా నడచినట్లే తోచును. కాని దుమ్ము ఉప్పుకాగితమువలె సిలిండరును, రింగులను గీచి, కొలది దినములలోనే బిగువు పోగొట్టును. కావున ఫిల్టరు తీసివేయుట చికిత్స కాదు.

స్పాంజి రకపు ఫిల్టరును సబ్బునీటిలో పిసికి కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, కొన్ని చుక్కలు ఇంజను ఆయిలు వేసి, మిగులు ఆయిలు పిండివేసి బిగించవలెను. కాగితపు ఫిల్టరును కడుగరాదు, ఆయిలు వేయరాదు. గట్టినేలపై మెల్లగా తట్టి దుమ్ము రాల్చవలెను. లోపలి నుండి బయటకు తక్కువ ఒత్తిడితో గాలి ఊదవచ్చును. అప్పటికిని వెలుగునకు ఎదురుగా పట్టి చూచిన కాంతి రానిచో క్రొత్తది వేయవలెను. దుమ్ము పనిలో ప్రతిదినము ఫిల్టరు మూత తీసి చూచుట అలవాటు చేసికొనవలెను.

నాలుగవ పరీక్ష: ప్లగ్గు

ప్లగ్గు విప్పునప్పుడు చుట్టునున్న దుమ్మును ముందుగా తుడిచివేయవలెను. లేనిచో అది సిలిండరులో పడును. విప్పిన ప్లగ్గు కొనను చూడుడు. లేత గోధుమరంగు ఆరోగ్య లక్షణము. పొడి మసి పట్టి నల్లగా ఉన్నచో పెట్రోలు ఎక్కువైనది, లేక గాలి తక్కువైనది. ఆయిలుతో తడిసి నల్లగా ఉన్నచో ఇంజను ఆయిలు పైకి వచ్చుచున్నది. సున్నము వలె తెల్లబారినచో పెట్రోలు చాలక ఇంజను మితిమీరి వేడెక్కుచున్నది. పెట్రోలుతో తడిసియున్నచో నిప్పురవ్వ లేదు, లేక చోకు ఎక్కువసేపు మూసి లాగినారు.

మసి పట్టిన ప్లగ్గును తీగ బ్రష్షుతో మెత్తగా రుద్ది తుడువవచ్చును. ఉప్పుకాగితముతో రుద్దినచో దాని రేణువులు ఇరుక్కొని, తరువాత సిలిండరులో పడును. కొనల మధ్య సందు నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజనులలో సాధారణముగా 0.7 నుండి 0.8 మిల్లీమీటర్లు ఉండవలెను. యంత్రముతో వచ్చిన పుస్తకములో వేరొక కొలత ఉన్నచో దానినే పాటించవలెను. పింగాణీ పగిలినను, కొన అరిగినను క్రొత్త ప్లగ్గు వేయుట మేలు. ప్లగ్గు వెల ఒక కూలి మనిషి దినపు కూలి కంటె తక్కువ. సంచిలో ఎల్లప్పుడు ఒక క్రొత్త ప్లగ్గు ఉంచుకొనినచో పరీక్షకును పనికివచ్చును.

నిప్పురవ్వ చూచుటకు ప్లగ్గును టోపీలో పెట్టి, దాని లోహపు భాగమును ఇంజను లోహమునకు ఆనించి, చెక్కపిడి గల పట్టకారుతో పట్టుకొని, వేరొకరిచే తాడు లాగించవలెను. చిందిన పెట్రోలును ముందుగా తుడిచి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా చేయవలెను. లేనిచో మంట లేచును. నీలిరంగు రవ్వ చిటచిటమని వరుసగా రావలెను. క్రొత్త ప్లగ్గుతో కూడ రవ్వ రానిచో ఆపు స్విచ్చి తీగ ఎక్కడనైన లోహమునకు తగులుచున్నదేమో చూడుడు. ఎలుకలు కొరికిన తీగలు కొట్టములలో సాధారణము.

ప్లగ్గును తిరిగి బిగించునప్పుడు ముందుగా చేతితోనే మర త్రిప్పవలెను. ఆనిన పిమ్మట పానాతో, క్రొత్తదైనచో అర చుట్టు, పాతదైనచో 1/8 నుండి 1/4 చుట్టు బిగించిన చాలును. బలము చూపినచో అల్యూమినియం మర తెగి, తక్కువ ఖర్చు పని ఎక్కువ ఖర్చు పనియగును.

ఐదవ పరీక్ష: కార్బరేటరు

పై నాలుగు పరీక్షలు ముగిసిన తరువాతనే కార్బరేటరును ముట్టవలెను. ముట్టునప్పుడు కూడ మొదట పని దాని అడుగు గిన్నెతోనే. ట్యాపు మూసి, క్రింద పాత్ర పెట్టి, గిన్నె బోల్టు విప్పుడు. గిన్నెలో నీటిబొట్లు, తుప్పు, పచ్చని జిగురు కనిపించినచో కారణము దొరికినట్లే. గిన్నెను శుభ్రము చేసి, మధ్యనున్న ఇత్తడి జెట్టును విప్పి వెలుగునకు పట్టి చూడుడు. దాని రంధ్రము గుండ్రముగా, స్పష్టముగా కనిపించవలెను. మూసికొనినచో కార్బరేటరు శుభ్రపరచు ద్రవము, ఊదు గాలి ఉపయోగించవలెను. చేపలు పట్టు నైలాను దారము గాని, కరెంటు తీగలోని ఒక సన్నని రాగిపోగు గాని దూర్చవచ్చును. ఇనుప తీగ, గుండుసూది దూర్చరాదు. రంధ్రము కొంచెము పెద్దదైనను ఆ ఇంజను ఇక ఎల్లప్పుడు పెట్రోలు ఎక్కువ తాగును.

ఖాళీ వేగములో ముక్కుచు, పనివేగములో బాగుగా నడచినచో చిన్న జెట్టు మూసికొనియుండును. ఖాళీగా బాగుండి, గడ్డిలోనికి తోయగానే పడిపోవుచున్నచో పెద్ద జెట్టు, పెట్రోలు ధార చూడవలెను. జెట్టు శుభ్రముగా ఉండియు ఊగిసలాట పోనిచో కార్బరేటరునకు, ఇంజనునకు నడుమ ప్యాకింగు చిరిగి దొంగగాలి పీల్చుచుండవచ్చును. నట్లు సమముగా బిగించి, నడచుచున్న ఇంజను అతుకుపై కుంచెతో కొద్దిగా నీరు రాయుడు. శబ్దము మారినచో గాలి అచ్చటనే పోవుచున్నది. వేడి సైలెన్సరుపై నీరు పడరాదు. ఈ పరీక్షకు పెట్రోలు వాడుట ఎంతమాత్రము కూడదు.

ఆరవ పరీక్ష: కత్తి, కీ, ఆయిలు, బిగువు

ఉదయగిరి, సీతారామపురం మెట్టలలో రాళ్ళు ఎక్కువ. గడ్డిలో దాగిన రాయికి గాని, పాత మోడుకు గాని కత్తి తగిలి ఇంజను ఒక్కసారి ఆగినదా? ఆ మొదలు సరిగా నడచుట లేదా? అట్లయినచో పెట్రోలును, ప్లగ్గును నిందించుటకు ముందు రెండు విషయములు చూడవలెను.

మొదటిది కత్తి. వంగినను, ఒక ప్రక్క ఎక్కువ అరిగినను యంత్రమంతయు వణకును. దీనిని ఇంజను లోపమని భ్రమపడుట కలదు. కత్తిని విప్పి, నడుమ రంధ్రములో మేకు దూర్చి గోడకు వ్రేలాడదీసి చూడుడు. రెండు ప్రక్కలు సమముగా నిలువవలెను. ఒక ప్రక్క దిగినచో ఆ ప్రక్క ఆకురాయితో అరుగదీయవలెను. వంగిన కత్తిని సుత్తితో సరిచేసి వాడరాదు. క్రొత్తది వేయవలెను.

రెండవది ఫ్లైవీలు కీ. కత్తి నేరుగా ఇంజను ఇరుసునకే ఉన్న యంత్రములలో, దెబ్బ తగిలినప్పుడు ఫ్లైవీలును ఇరుసునకు నిలిపియుంచు చిన్న లోహపు కీ నలిగి కొంచెము జరుగును. అంతటితో నిప్పురవ్వ వేళ తప్పును. తాడు లాగిన చేతిని వెనుకకు గుంజుట, సైలెన్సరులో టపటప ప్రేలుట, బలము లేక నడచుట దీని లక్షణములు. ఈ కీ చిన్నదే, ఖరీదు స్వల్పమే. కాని ఫ్లైవీలును ఊడదీయుటకు ప్రత్యేకమైన పనిముట్టు కావలెను గనుక దీనిని మెకానిక్కుచే చేయించుట మంచిది.

ఇంజను ఆయిలు ప్రతిదినము యంత్రమును సమతలమున ఉంచి చూడవలెను. కొన్ని ఇంజనులలో ఆయిలు తగ్గినప్పుడు రవ్వను ఆపివేయు ఏర్పాటుండును. అట్టి యంత్రము ఏటవాలు నేలపై మాత్రమే ఆగి, సమతలమునకు రాగానే నడచినచో ఆయిలు తక్కువైనదని తెలియవలెను. క్రొత్త ఇంజనులో మొదటి 20 గంటల పనికి, తరువాత పుస్తకములో చెప్పినట్లు 50 లేక 100 గంటల కొకసారి ఆయిలు మార్చవలెను. దుమ్ము పనిలో ఇంకను ముందుగ మార్చుట మంచిది. సిలిండరు చుట్టునున్న రెక్కల మధ్య గడ్డి, దుమ్ము పేరుకొనినచో ఇంజను చల్లబడక బలము తగ్గును. పని ముగియగానే పుల్లతో, బ్రష్షుతో వానిని తీయవలెను.

ఇవన్నియు సరిగా ఉండియు తాడు లాగునప్పుడు ఎదురు బిగువు ఏమాత్రము లేనిచో వాల్వులు సరిగా కూర్చొనుట లేదు, లేక రింగులు అరిగినవి. చల్లగా ఉన్నప్పుడు బాగుగా నడచి, అర గంటకు వేడెక్కి ఆగి, చల్లారిన తరువాతనే మరల నడచుచున్నచో ఆగిన వెంటనే రవ్వ పరీక్షింపవలెను. రవ్వ లేనిచో కాయిలు, రవ్వ ఉన్నచో వాల్వుల సందు చూపించవలెను. ఇవి మెకానిక్కు పనులు.

రెండు స్ట్రోకుల యంత్రములు

భుజమునకు తగిలించుకొని గడ్డి కోయు యంత్రములలో కొన్ని రెండు స్ట్రోకులవి. వీనికి వేరుగా ఆయిలు ఉండదు. పెట్రోలులోనే కలిపి పోయవలెను. 50కి 1 పాలు చొప్పున లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 పాలు చొప్పున 40 మిల్లీలీటర్లు ఆయిలు కావలెను. ఏ పాలు కలుపవలెనో పుస్తకములో చూచుకొని, కొలపాత్రతో కొలిచి, వేరొక డబ్బాలో బాగుగా కలిపి పోయవలెను. ఆయిలు ఎక్కువైన ప్లగ్గు మసిబారి మిస్ కొట్టును. తక్కువైనను, మరచినను పిస్టను పట్టివేయును. సైలెన్సరులోని చిన్న జల్లెడ మసితో మూసికొనినను ఈ ఇంజను దమ్ము లేక ముక్కును.

ఒక ఉదాహరణ

ఒక రైతు నిమ్మతోటలో ఇంజను ఎక్కుచు దిగుచు నడచుచున్నదనుకొందము. చోకు సగము మూయగా సర్దుకొన్నది. కావున పెట్రోలు చాలుట లేదు. ట్యాంకు మూత వదులు చేసినను మార్పు లేదు, మూత మంచిదే. గొట్టమునుండి ధార ఆగక పడినది. ట్యాపు, జల్లెడ మంచివే. సీసాలో అడుగున నీటిపొర కనిపించినది. ట్యాంకు కడిగి క్రొత్త పెట్రోలు పోసినను ఊగిసలాట తగ్గలేదు. గిన్నె విప్పగా జిగురు, జెట్టు సగము మూత కనిపించినవి. జెట్టును శుభ్రము చేయగా ఇంజను నిలకడగా నడచినది. ఇందుకు పట్టినది ఒక గంట. అదే రైతు మొదటనే క్రొత్త కార్బరేటరు కొని, పాత పెట్రోలునే పోసియున్నచో ఆ క్రొత్త కార్బరేటరు కూడ కొలది దినములకు అదే జిగురుతో మూసికొనియుండును.

కాలము ముగిసిన పిమ్మట

యంత్రమును దాచునాడు చేసిన అర గంట పని వచ్చు సంవత్సరము వారము దినములు కాపాడును. ట్యాంకును ఖాళీ చేసి, ట్యాపు మూసి, కార్బరేటరులో మిగిలిన పెట్రోలు అయిపోయి ఆగువరకు ఇంజనును నడుపుడు. గిన్నెలో మిగిలిన చుక్కలను వదలుడు. చల్లారిన తరువాత ప్లగ్గు విప్పి, ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి, తాడును మెల్లగా రెండు మూడు సార్లు లాగి, ప్లగ్గు తిరిగి బిగించుడు. బిగువు తగిలిన చోట తాడు నిలుపుడు. అప్పుడు వాల్వులు మూసికొని తేమ లోనికి పోదు. సైలెన్సరు నోటికి గుడ్డ కట్టుడు. లేనిచో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టును. మరల నడుపుటకు ముందు ఆ గుడ్డను తీయుట మరువరాదు.

యంత్రముతో చెట్టు మొదలును తాకకుండ అడుగున్నర దూరము వదలి కోయవలెను. కత్తి తగిలి బెరడు చీలిన నిమ్మచెట్టునకు ఆ గాయము ద్వారా బంక తెగులు సోకును. మొదలు చుట్టు గడ్డిని చేతితోనే తీయవలెను.

గ్రామాధికారులకు సూచన

యంత్రములను పలువురు రైతులు కలిసి అద్దెకు వాడు గ్రామములలో ప్రతి యంత్రమునకు ఒక చిన్న పుస్తకము పెట్టించవలెను. నడచిన గంటలు, ఆయిలు మార్చిన తేదీ, ఫిల్టరు కడిగిన తేదీ, ప్లగ్గు మార్చిన తేదీ, కత్తికి దెబ్బ తగిలిన దినము అందులో వ్రాయవలెను. మెకానిక్కు వద్దకు పోవలసివచ్చినప్పుడు ఈ పుస్తకమును, చేసిన పరీక్షల ఫలితములను చెప్పినచో అతడు వెదకుకొను పని తప్పును, కూలియు తగ్గును. రైతు సేవా కేంద్రమున ఒక ప్లగ్గు పానా, సందు కొలుచు గేజి, రెండు క్రొత్త ప్లగ్గులు, ఒక గాజుసీసా ఉంచిన ఊరందరికి ఉపయోగపడును. ఈశాన్య వర్షములకు ముందుగ సెప్టెంబరు నెలలో ఒక దినము నిర్ణయించి, ఊరిలోని యంత్రములన్నిటిని ఒకచోట చేర్చి, పైన చెప్పిన వరుసలో తాడు లాగి, వినియు, చూచియు పరీక్షించినచో లోపమున్నవి వానలకు ముందే బయటపడును. అప్పటికి విడిభాగములు తెప్పించుటకు వ్యవధి ఉండును.